బామ్మ నడకలో రెండు వందల పద్నాలుగు వక్రతలు

ఆ ఏడాది ప్రభుత్వానికి తెలుగు మీద ప్రేమ పుట్టింది. ఆఫీసుల్లో ఏ కాగితం రాసినా తెలుగులోనే రాయాలనీ, సాంకేతిక పదం ఎదురైతే జతపరిచిన పదకోశం చూసుకోవాలనీ, అందులో లేని మాట వాడితే వాడినవాళ్ళే బాధ్యులనీ ఉత్తర్వు వచ్చింది. పదకోశం నూట అరవై పేజీలు. పదకొండుమంది పండితులు ఏడాదిన్నర కూర్చుని తయారుచేశారు. అందరూ నిష్ఠ గలవాళ్ళే. తాము పేరు పెడుతున్న వస్తువుల్లో ఒక్కదాన్నైనా చూస్తే ఎక్కడ పక్షపాతం వచ్చేస్తుందోనని, దేన్నీ చూడకుండానే పని పూర్తిచేశారు.

ఆ ఉత్తర్వు తిరిగి తిరిగి కాకినాడ చేరింది. అక్కడ పాత పోర్టు వైపు, ఒకప్పుడు ఉప్పు గోదాముగా ఉండి తర్వాత మేడగా ఎదిగిన భవనంలో రాష్ట్ర ప్రజాహిత బొమ్మల చిత్రాల సంస్థ ఉంది. చేతులు కడుక్కోండి, కుళాయి కట్టేయండి, దోమతెర కట్టుకోండి అని జనానికి బొమ్మల సినిమాల ద్వారా చెప్పడం ఆ సంస్థ పని. ఏ సినిమా అయినా మూడు నిమిషాలు దాటకూడదు. మంచి మాట అంతకు మించి ఎవరూ వినరని వెనకటి సంచాలకులెవరో కనిపెట్టారు.

ఆ సంస్థలో బొమ్మలకి కదలిక నేర్పేవాడు తాతపూడి ఇమ్మానుయేలు. వయసులో ఉన్నప్పుడు సినిమా హాళ్ళకి బోర్డులు వేసేవాడు. బోర్డులు పోయి ఫ్లెక్సీలొచ్చాక కంప్యూటరు నేర్చుకుని ఇందులో కుదురుకున్నాడు. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. మనుషులు ఎలా కూర్చుంటారో, ఎలా లేస్తారో చూస్తూ ఉండటమే అతనికి పనీ, కాలక్షేపమూ.

ప్రస్తుతం చేతిలో ఉన్న సినిమా పేరు ‘బామ్మా, బీపీ బిళ్ళా’. కథ పెద్దదేమీ కాదు. బామ్మ మంచం మీంచి లేస్తుంది, నాలుగడుగులు వేసి గూట్లో ఉన్న బిళ్ళ అందుకుంటుంది, నీళ్ళతో మింగి మనకేసి చూసి నవ్వుతుంది. కానీ ఆ నాలుగడుగులూ నిజంగా బామ్మ అడుగుల్లా ఉంటేనే ఊళ్ళో బామ్మలు నమ్మి బిళ్ళ వేసుకుంటారు. ఆ అడుగుల కోసం ఇమ్మానుయేలు ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది. రోజూ పదకొండింటికి టీ ట్రే పట్టుకుని వరండా చివర్నించి నడిచొచ్చే మంగాయమ్మ ఉంది.

మంగాయమ్మ ఆ ఆఫీసులో ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా అటెండరు. ఎడమ మోకాలు అరిగిపోయింది. ఎడమకాలు నేలకి పూర్తిగా ఆనకముందే కుడికాలు గబుక్కున వచ్చి బరువు అందుకుంటుంది. ఆ ఊపుకి నడుము ఒక పక్కకి ఒరుగుతుంది. భుజం రెండో పక్కకి ఒరిగి దాన్ని నిలబెడుతుంది. ఇంత జరుగుతున్నా ట్రేలో గ్లాసులు మాత్రం తొణకవు. ఒక ఒంట్లోని అవయవాలు ఒకదానికొకటి ఇంత మర్యాదగా సాయపడటం ఇమ్మానుయేలు ఇంకెక్కడా చూడలేదు.

“పిన్నిగారూ, బామ్మకి మీ నడకే పెట్టానండి,” అని ఒకరోజు చెప్పేశాడు.

“నా నడకా? ఈ కుంటినడకా? ఊళ్ళో నీకింకెవరూ దొరకలేదా బాబూ?” అని మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రానికి జగన్నాథపురంలో ఆవిడ వీధి వీధంతటికీ సంగతి తెలిసిపోయింది. యానాంలో ఉన్న అక్కకి ఫోను వెళ్ళింది.

వచ్చే నెలాఖరుకి ఆవిడ రిటైరవుతోంది. వీడ్కోలు సభలో ఆ సినిమా వేస్తామని సంచాలకులు పద్మనాభం గారు మాటిచ్చారు. తన వాళ్ళు రెండు ఆటోల్లో వస్తారని మంగాయమ్మ ముందే చెప్పి పెట్టింది.

“ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆపీసులో ఏం జేసేవే అని ఎవరన్నా అడిగితే టీలిచ్చేనని చెప్పుకోవాలి. ఇప్పుడింకోటి చెప్పుకుంటాను బాబూ,” అంది.

ఆ మాట ఇమ్మానుయేలు మనసులో దిగబడిపోయింది. ఏమైనా సరే, ఆవిడ వెళ్ళేలోగా ఆవిడ నడక ఆవిడకి చూపించాలి.

ఇక్కడ అతని పని గురించి కాస్త చెప్పాలి. బొమ్మ చెయ్యి ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళాలంటే కంప్యూటరు తెర మీద దానికో గీత ఉంటుంది. అడ్డంగా కాలం, నిలువుగా దూరం. గీత తిన్నగా ఉంటే చెయ్యి మొదట్నించీ చివరిదాకా ఒకే వేగంతో పోతుంది, లిఫ్టు తలుపులాగ. ప్రాణమున్నది అలా కదలదు. నెమ్మదిగా మొదలై, ఊపందుకుని, ఆగేముందు మళ్ళీ నెమ్మదిస్తుంది. అందుకని గీతని అక్కడక్కడా వంచుతారు. ముసలితనం, బద్ధకం, కోపం, మోకాలినొప్పి అన్నీ ఆ వంపులోనే ఉంటాయి. వాటిని ఆఫీసులో అందరూ కర్వులనేవారు. బామ్మ లేవడానికీ, నాలుగడుగులకీ, బిళ్ళకీ కలిపి రెండు వందల పద్నాలుగు కర్వులు. నాలుగు నెలల పని.

నెల నివేదిక రాయాల్సిన రోజు వచ్చింది. ఇమ్మానుయేలు పదకోశం తెరిచాడు. నలభై ఒకటో పేజీలో కర్వు అంటే ‘వక్రత’ అని ఉంది. కర్వుల్ని ఎడ్జస్టు చేయడాన్ని ఏమనాలో చూశాడు. ‘సర్దుబాటు’ అని ఉంది. ఉన్నది ఉన్నట్టు రాశాడు.

‘బామ్మ నడకలో మొత్తము 214 వక్రతలు గుర్తించడమైనది. అందు 160 వక్రతలను ఇప్పటికే సర్దుబాటు చేయడమైనది. మిగిలిన వాటిని వచ్చే నెలలో సర్దుబాటు చేయగలమని మనవి.’

పద్మనాభం గారు అక్షరదోషాలు లేవని ముచ్చటపడి సంతకం చేశారు.

ఆ కాగితం రాజధానిలో విజిలెన్సు వారి చేతికి వెళ్ళింది. పదకోశం ప్రకారం వారు అప్పటికే అప్రమత్తతా విభాగం అయ్యారు. సంస్థ చరిత్రలో ఏ నివేదికకీ జవాబు రాలేదు. దీనికి మాత్రం ఆరో రోజున వచ్చేసింది.

‘సదరు బామ్మ ఎవరు? ఆమె నడకలో వక్రతలు ఎవరి హయాములో ప్రవేశించినవి? వాటిని పై అధికారులకు తెలియపరచక సర్దుబాటు చేయుటలో ఉద్దేశమేమి? మూడు రోజులలోగా సంజాయిషీ సమర్పించవలెను.’

పద్మనాభం గారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఇమ్మానుయేలు గదికి స్వయంగా వచ్చారు.

“ఏవయ్యా ఇమ్మానుయేల్, మన బామ్మ మీద కేసు పడింది.”

“బామ్మ బొమ్మ కదండీ.”

“ఆ సంగతి నాకు తెలుసయ్యా. వాళ్ళకి తెలియద్దూ? వివరంగా రాయి. పదకోశం దాటకు.”

ఇమ్మానుయేలు పదకోశం దాటలేదు. ‘బామ్మ బొమ్మయే గాని మనిషి కాదు. వక్రత లేనిదే కదలిక లేదు. ఆరంభములో నెమ్మది, నడుమ వేగము, చివర మరల నెమ్మది, ఇదియే ప్రాణమున్న ప్రతిదాని స్వభావము. వక్రత ఎంత సున్నితముగా నున్న అంత సహజముగా కనబడును’ అని రాసి పంపాడు.

అప్రమత్తతా విభాగంలో దాన్ని చదివినవారు కోదండపాణి గారు. మూడుసార్లు చదివారు. ‘వక్రత లేనిదే కదలిక లేదు’ అన్న చోట ఎర్ర సిరాతో గీత గీసి, ‘ఇది ప్రభుత్వ కార్యాలయములనుద్దేశించి వ్రాసినట్లున్నది’ అని పక్కన రాశారు. ‘ఎంత సున్నితముగా నున్న అంత సహజముగా కనబడును’ అన్న చోట ఒక్క మాటే రాశారు: ‘నేరాంగీకారము’.

తర్వాత ఆయనే బయల్దేరి వచ్చారు.

కోదండపాణి అంటే విల్లు పట్టినవాడని అర్థం. ఆయన మాత్రం చేత అడుగు పొడవు స్టీలు స్కేలు పట్టుకొచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో లంచం ఎరగడు, సెలవు ఎరగడు, జోకు కూడా ఎరగడు. వెంట ఒక గుమాస్తా. ఆయన ‘రాసుకోండి’ అంటే రాసుకోవడమే ఆ గుమాస్తా ఉద్యోగం.

ఇమ్మానుయేలు తెర మీద ఒక గీత తెరిచి చూపించాడు.

“ఇదేనా వక్రత?”

“అవునండి. ఎడమ మోకాలిదండి.”

“ఎందుకు వంగింది?”

“మోకాలు నొప్పండి.”

“బామ్మ బొమ్మ అని సంజాయిషీలో రాశారు. బొమ్మకి నొప్పేమిటి? పరస్పర విరుద్ధము. రాసుకోండి.”

స్కేలు తెర మీద ఆనించి, ఒక కన్ను మూసి చూశారు. గీతకీ స్కేలుకీ మధ్య రెండు చోట్ల వెలుతురు కనపడింది.

“గీత పైకి లేవడానికి మొదట ఇంతసేపు ఎందుకు పట్టింది?”

“ముసలావిడ కదండీ, నెమ్మదిగా మొదలెడుతుంది.”

“ప్రారంభంలో జాప్యం. రాసుకోండి. ఆ తర్వాత ఈ నిటారు ఏమిటి?”

“ఊపందుకుందండి.”

“ముందు జాప్యం, గడువు దగ్గరపడేసరికి హడావుడి. రాసుకోండి. ఇదిగో, ఇక్కడ గీత కిందికి దిగింది!”

“మంచం మీంచి లేచేముందు ఎవరైనా కాస్త వెనక్కి వాలి అప్పుడు ముందుకొస్తారండి. అది...”

“వెనక్కా!” కోదండపాణి గారు స్కేలు దించి గుమ్మం వంక చూశారు. “ప్రభుత్వ చిత్రంలో వెనకడుగా! రాసు... వద్దు, ఇది రాసుకోకండి. పైకి తెలిస్తే ప్రమాదం.”

పద్మనాభం గారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

“చివర్న గీత హద్దు దాటి మళ్ళీ లోపలికొచ్చింది. దీని భావమేమి?”

“బిళ్ళ అందుకునేటప్పుడు చెయ్యి ఒక్కరవ్వ ముందుకెళ్ళి సర్దుకుంటుందండి. చూపు ఆనదు కదండీ.”

“మంజూరైన దూరమెంత?”

“మంజూరంటే... గూటి దాకానండి.”

“దాటినది?”

“వేలెడండి.”

“అతిక్రమణ, వేలెడు. రాసుకోండి.” స్కేలు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. “సంచాలకుల వారూ, ప్రభుత్వం ప్రజలకి చూపించే బామ్మ ఆదర్శప్రాయంగా ఉండాలి. బయల్దేరాలి, ఒకే వేగంతో వెళ్ళాలి, చేరాలి. రెండు వందల పద్నాలుగు వక్రతల్నీ తిన్నగా చేయించండి. పాతవి నా సమక్షంలో నిర్మూలించండి.”

“తిన్నగా చేసెయ్యవయ్యా ఇమ్మానుయేల్. తిన్నగా చెయ్యడం కూడా కష్టమేనా?” అన్నారు పద్మనాభం గారు.

కష్టం కాదు. అదే బాధ. ఒక మీట నొక్కితే అన్నీ తిన్నబడిపోతాయి. నొక్కాడు. పాత ఫైలు కంప్యూటర్లోంచీ, దాని నకలు బీరువాలోని డిస్కులోంచీ తుడిచేయించారు. ‘వక్రతా నిర్మూలన ధ్రువపత్రం’ మూడు ప్రతులు తయారైంది. సాక్షిగా ఇమ్మానుయేలే సంతకం పెట్టాడు.

తర్వాత సినిమా వేసి చూశారు. బావిలోంచి చేద పైకొచ్చినట్టు బామ్మ మంచం మీంచి లేచింది. బీరువాని గోడవారగా తోసుకెళ్ళినట్టు గూటి దాకా వెళ్ళింది. చెయ్యి రైలు గేటులా లేచి, బిళ్ళతో దిగింది. ఆ పైన నవ్వు మొదలై ఒక చెవి నించి రెండో చెవి దాకా ఒకే వేగంతో పాకింది.

“క్రమశిక్షణ ఉట్టిపడుతున్నది,” అన్నారు కోదండపాణి గారు. పద్మనాభం గారు ఆ నవ్వు చూసి కుర్చీ ఒక జానెడు వెనక్కి జరుపుకున్నారు.

అధికారులిద్దరూ వెళ్ళాక ఇమ్మానుయేలు తల తిప్పితే గుమ్మంలో మంగాయమ్మ ట్రేతో నిలబడి ఉంది. ఎంతసేపైందో మరి.

“ఇది నేనేనా బాబూ?”

అతను తెరకి అడ్డం జరగబోయాడు.

“ఎవరో ఎనకమాల నించి తోసేత్తన్నట్టుంది.” కాసేపు చూసింది. “మోకాలు మాత్రం నయమైపోయిందిలే. పోన్లే బాబూ, గవర్నమెంటోళ్ళ బొమ్మ, ఆళ్ళిష్టం. నువ్వు టీ తాగు, చల్లారిపోద్ది.”

తిట్టినా బాగుండేది. తనని ఓదార్చి, గ్లాసు చేతికిచ్చి, ఆ పోయిన నడకే నడుచుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయింది. సభ తొమ్మిది రోజుల్లోకి వచ్చింది.

కోదండపాణి గారు ఊళ్ళోనే ఉండిపోయారు. ఆ ఆఫీసుని రాష్ట్రంలో మొట్టమొదటి వక్రతారహిత కార్యాలయంగా తీర్చిదిద్దాలని ఆయనకి అనిపించింది. వరండాలో సున్నంతో తిన్నటి గీత గీయించి, సిబ్బంది దాని మీదే నడవాలన్నారు. పద్మనాభం గారి సంతకంలో చివర వచ్చే సుడిని తీసేయించారు. దాంతో బ్యాంకువాళ్ళు ఆయన్ని గుర్తుపట్టడం మానేశారు. టీతో వచ్చే చేగోడీలు ఆపించి బిస్కట్లు పెట్టించారు. గుండ్రటివి కాదు, పలకలవి.

రూలు పెట్టినవాడు మధ్యలో ఆగిపోతే ఏ బాధా ఉండేది కాదు. కోదండపాణి గారు నిజాయితీపరులు కాబట్టి ఆగలేదు. సినిమా ఇంకోసారి చూస్తూ ఉలిక్కిపడ్డారు.

“ఆపండి. మొదట్లో పేరు పడేచోట ఆపండి. ఇవేమిటి?”

“అక్షరాలండి.”

“వీటి నిండా వక్రతలే కదా!”

ఆ మాటా నిజమే. తెలుగు అక్షరాల్లో తిన్నటి గీత కోసం వెతికితే తలకట్టు సైతం కాస్త ఒంగే కనపడుతుంది. అయినా హుకుం హుకుమే. ఇమ్మానుయేలు ఒక రోజంతా కూర్చుని ‘బామ్మా, బీపీ బిళ్ళా’ అన్న పేరుని తిన్నటి గీతలతో రాశాడు. కింద పడ్డ అగ్గిపెట్టెలోంచి పుల్లలు చెదిరినట్టుంది. దాని తర్వాత పద్మనాభం గారి పేరు. ఆయన దాన్ని ఈ పక్కనించీ ఆ పక్కనించీ చూసి, “ఇందులో నేనెక్కడున్నానయ్యా?” అన్నారు దీనంగా.

ఆ తర్వాత ‘పర్యవేక్షణ’ అని వేసి కోదండపాణి గారి పేరు. విరిగిన మంచం కోళ్ళ కుప్పలా వచ్చింది.

కోదండపాణి గారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. అదే సమయానికి గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి అతను పొద్దుట్నించీ రాసుకుంటూనే ఉన్నాడు.

“సార్, మన ఉత్తర్వు మొదటి పేరాలోనే నాలుగు వందల పన్నెండు వక్రతలు ఉన్నవండి. రెండో పేరా లెక్కపెడుతున్నాను.”

“చాలు,” అన్నారు కోదండపాణి గారు. కుర్చీలో కూర్చున్నారు. మొహం తెల్లబోయింది. మంగాయమ్మ ఎవరూ చెప్పకుండానే మంచినీళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది.

“ఉత్తర్వు వెనక్కి తీసేసుకుంటే సరిపోతుంది కదండీ?” అన్నారు పద్మనాభం గారు ఆశగా.

“వెనక్కా? అప్రమత్తతా విభాగం వెనక్కి తీసుకున్న ఉత్తర్వు లేదు. నా చేతుల మీదుగా మొదటిది రాకూడదు.” నీళ్ళు తాగి, గొంతు తగ్గించారు. “మా అమ్మగారికి ఎనభై నాలుగేళ్ళు. నా పేరు ఎప్పుడూ ఫైళ్ళలోనే గాని తెర మీద పడలేదు. ఆవిడకి చూపిద్దామనుకున్నాను.”

ఇమ్మానుయేలుకి ఆయన మీద అన్నాళ్ళూ దాచుకున్న కోపం పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది.

మంగాయమ్మ ఖాళీ గ్లాసు అందుకుంటూ, “ఆ బామ్మ గురించేనాండీ ఇదంతా? ఆ అమ్మ ఏం పాపం చేసిందండీ? నా నడక తీరు అదీ. ఈ బాబు చూసి పెట్టేడు. ఒకోళ్ళది ఒకో తీరు. దానికి పేరెట్టడమెందుకండీ?” అని వెళ్ళిపోయింది.

ఇమ్మానుయేలు తల ఎత్తాడు.

“సార్, వక్రత అనకుండా తీరు అందామండి. నడక తీరు, చేతి తీరు, అక్షరాల తీరు.”

కోదండపాణి గారు నాలుక మీద వేసుకుని చూశారు. “తీరు... మరీ నాటుగా ఉన్నది. ఫైలులో నిలబడదు.”

పద్మనాభం గారు అప్పటికే పదకోశం తిరగేస్తున్నారు. నూట పద్దెనిమిదో పేజీలో వేలు పెట్టారు. “దొరికిందండీ! తీరు అనగా సరళి.”

“సరళి,” అన్నారు కోదండపాణి గారు. “సరళి. సరళమునకు సంబంధించినదే కదా? సరళరేఖ వగైరా?”

అందరూ ఇమ్మానుయేలు వంక చూశారు. అతను అబద్ధం ఆడే మనిషి కాదు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు.

“వినడానికి అలాగే ఉందండి,” అన్నాడు.

అరగంటలో ఉత్తర్వు తయారైంది. ‘వక్రతలన్నియు సంపూర్ణముగా నిర్మూలించబడినందున, వాటి స్థానములో చలన సరళులను ప్రవేశపెట్టుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. అక్షర సరళులకును ఇదియే వర్తించును.’ పద్మనాభం గారు సుడి పెట్టి సంతకం చేశారు.

ఇక మిగిలింది ఇమ్మానుయేలు పని. పాత గీతలు బూడిదైపోయాయి. నాలుగు నెలల పనికి నాలుగు రోజులున్నాయి. మంగాయమ్మని వరండాలోకి పిలిచాడు.

“పిన్నిగారూ, ఒక్కసారి ఆ చివర్నించి ఈ చివరికి నడవండి. మామూలుగా.”

ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. తల నిటారుగా పెట్టి, పెళ్ళిపీటల మీదికి వస్తున్నట్టు అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. మోకాలు అంత నొప్పిలోనూ తిన్నగా నిలబడింది.

“ఇలాక్కాదండి. మామూలుగా.”

“మామూలుగానే గదా నడుత్తన్నాను!”

ఇంకోసారి నడిచింది. ఈసారి నవ్వు కూడా కలిపింది. మూడోసారి నడిచేసరికి చెమటలు పట్టాయి. సున్నపు గీత పక్కన నిలబడి చూస్తున్న కోదండపాణి గారు “ఇదే బాగున్నది కదా?” అన్నారు. ఇమ్మానుయేలు నీరుగారిపోయాడు. తన నడక తనకి తెలియనంతసేపే అది తన దగ్గర ఉంటుందేమో అనిపించింది.

“పోనీ వదిలెయ్యండి పిన్నిగారూ. తలనొప్పిగా ఉంది. కాస్త టీ ఏమైనా...”

“అయ్యో, ఇందాకే చెప్పద్దా బాబూ?” అంటూ ఆవిడ గబగబా వంటగదిలోకి వెళ్ళింది. అయిదు నిమిషాలకి ట్రేతో వరండా చివర కనపడింది. ఎడమకాలు ఆనీ ఆనకముందే కుడికాలు వచ్చి అందుకుంది. నడుము ఒరిగింది. భుజం నిలబెట్టింది. ఇమ్మానుయేలు కళ్ళార్పలేదు. ఆ రోజు అతనికి నాలుగుసార్లు తలనొప్పి వచ్చింది. మర్నాడు ఆరుసార్లు. మూడోరోజు ఆవిడ టీతోపాటు మాత్ర కూడా తెచ్చిపెట్టింది.

వీడ్కోలు సభకి రెండు ఆటోలనుకున్నవి మూడయ్యాయి. యానాం అక్క ముందు కుర్చీలో కూర్చుంది. పద్మనాభం గారు మంగాయమ్మ సేవల్ని గురించి నాలుగు నిమిషాలూ, పదకోశం గురించి పదకొండు నిమిషాలూ మాట్లాడారు. కోదండపాణి గారు తల్లిని తీసుకొచ్చారు. కిటికీలు మూశారు. పేరు పడింది, గుండ్రంగా. తర్వాత పర్యవేక్షకుల పేరు పడింది. “కోదండం,” అని ఎనభై నాలుగేళ్ళ గొంతు ఒకటి కూడబలుక్కుని చదివింది.

బామ్మ మంచం మీద కాస్త వెనక్కి వాలింది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. ఎడమ అడుగు వేసింది.

“ఒసే మంగా! నువ్వేనే!” అని అక్క కేకేసింది. మూడు ఆటోల జనమూ గొల్లుమన్నారు. తర్వాత నాలుగో అడుగు దాకా ఎవరూ చప్పుడు చెయ్యలేదు. చెయ్యి గూడు దాటి వేలెడు ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, బిళ్ళ దొరకబుచ్చుకుంది.

మంగాయమ్మ మాత్రం నవ్వలేదు. “ఇంకోపాలి ఎయ్యి బాబూ,” అంది. వేశాడు. ఇంకోసారి వెయ్యమంది. మళ్ళీ వేశాడు.

“ఇన్నాళ్ళూ నా నడక అందరూ చూసేరు,” అంది మెల్లగా. “నేనే చూసుకోలేదు.”

ఇక్కడితో అయిపోవలసిందే. కానీ బామ్మ సినిమా రాజధానిలో అందరికీ నచ్చింది. పదిహేను రోజులకి కోదండపాణి గారి సంతకంతో కాగితం వచ్చింది. ‘సదరు బామ్మ చలన సరళి ఎట్టి వక్రతయు లేక ఆదర్శప్రాయముగా నున్నందున, దానిని ప్రామాణిక సరళిగా ప్రకటించడమైనది. ఇకపై సంస్థ తీయు అన్ని చిత్రములలో అన్ని పాత్రలకు, వయోలింగ జాతి భేదము లేక, ఇదే సరళిని వాడవలెను.’

ఇమ్మానుయేలు విధేయుడు. ట్రాఫిక్కు పోలీసుకి పెట్టాడు. బడికెళ్ళే పిల్లలకి పెట్టాడు. కోడిపుంజుకి పెట్టడం కాస్త శ్రమైంది గాని పెట్టాడు.

పింఛను కాగితాల మీద సంతకం కోసం మంగాయమ్మ ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకొచ్చింది. దార్లో ఇమ్మానుయేలు గదిలో తొంగిచూసి ఆగిపోయింది. అటవీ శాఖ వారి కోసం తీస్తున్న బొమ్మ తెర మీద ఆడుతోంది.

“ఇదేంటి బాబూ?”

“పులండి.”

“పులని తెలుత్తానే ఉంది. ఆ ఎడం కాలు అలా ఏత్తందేంటి?”

“మీ తీరేనండి. ఇకమీదట అందరిదీ మీ తీరే. ఆర్డరొచ్చింది.”

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. పులి ముందుకాలు ఆనీ ఆనకముందే రెండో కాలు అందుకుంటోంది. నడుము ఒరుగుతోంది. తోక మాత్రం ట్రే మోస్తున్నట్టు తొణక్కుండా ఉంది.

“ఆ ముందర పోయేది?”

“జింకండి. పులి దాన్ని తరుముతోందండి.”

“జింకక్కూడా నా తీరేనా?”

“జింకక్కూడానండి.”

మంగాయమ్మ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. తెర ఆ చివర్నించి ఈ చివరిదాకా ముందు జింక, వెనక పులి, ఒకే మోకాలినొప్పితో, ఒకే మర్యాదతో వెళ్తున్నాయి. మధ్యలో ఎడం ఒక్క అడుగు పెరగలేదు, తరగలేదు.

“మరైతే ఎప్పటికీ దొరకదుగా,” అంది.

“దొరకదండి.”

“మంచిదేలే,” అని మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. “టీ తాగేవా బాబూ?”